పిల్లికి ఒడిబియ్యం

మా ఆయన పోయాక నాకు మిగిలిన ఆస్తి ఒక స్కూటీ, ఒక అత్తమ్మ, వరంగల్ బజారులో షట్టర్ దించి ఉన్న గోనెసంచుల దుకాణం. దుకాణంలో ఒక పిల్లి సంసారం కూడా ఉందని ఎవరూ చెప్పలేదు. దుకాణం కిరాయిది. తిరిగి అప్పజెప్పడానికి షట్టర్ లేపించిన రోజు, సంచుల కట్టల మీద నుంచి ఒక బక్క పిల్లి మమ్మల్ని చూసింది. మేమే దాని ఇంట్లోకి చెప్పాపెట్టకుండా వచ్చినట్టు చూసింది. దాని పొట్టలో ముఖాలు దాచుకుని మూడు కూనలు. పైన వెంటిలేటర్ అద్దం పగిలి ఉంది. మేం దవాఖానల చుట్టూ తిరుగుతున్న కాలంలో ఎప్పుడో అది కిరాయి మాట్లాడుకోకుండానే దిగినట్టుంది.

మా ఆయన నెమ్మదస్తుడు. రెండేళ్లు జబ్బుపడి కూడా ఎవరినీ విసిగించలేదు. ఒక మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిని, టీవీ సౌండ్ జర తగ్గించమని, పోయారు. గొడవంతా ఆ తర్వాత మేం చేశాం.

మిగిలిన సరుకు కొనుక్కున్నవాళ్లు పిల్లుల్ని బయట పారేస్తామన్నారు. నేను వద్దన్నాను. దయతో అన్నానని రాసుకుంటే బాగుంటుంది కానీ, ఆ రోజు అప్పటికే ఆ దుకాణంలోంచి చాలా బయటికి పోయింది. ఇంకొకటి పోతుంటే చూడబుద్ధి కాలేదు, అంతే. ఒక సంచిలో పాత చీర మెత్తగా మడతపెట్టి, తల్లినీ పిల్లల్నీ అందులో దించి, స్కూటీ ముందర కాళ్ల దగ్గర పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

అత్తమ్మ గడప దగ్గరే ఆపింది.

"ఏం తెచ్చినవే బిడ్డా?"

"దుకాణంల మిగిలిన సరుకు అత్తమ్మా."

సంచి మూతి విప్పి చూసింది. "మంచిదే. నేను అప్పులోళ్లేమో అనుకున్న," అని లోపలికి పోయి గిన్నె తెచ్చింది.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. పిల్లి శాస్త్రీయ నామం, దాని దంత సూత్రం నిద్రలో లేపి అడిగినా తప్పుపోకుండా చెప్పగలను. ఆ దంతాలు నా కొంగులో దిగినప్పుడు మాత్రం ఆ సూత్రం ఎందుకూ అక్కరకు రాలేదు.

కొన్నాళ్లకే గల్లీలో నాకు పేరొచ్చింది. పేరొస్తే ఏమవుతుందంటే, ఒక పొద్దున గేటు ముందర బిస్కెట్ల అట్టపెట్టెలో ఇంకో రెండు కూనలు కనిపిస్తాయి. పెట్టె మీద ఎవరి పేరూ లేదు. మా బజారులో గుడికి ఫ్యాన్ ఇచ్చినా మూడు రెక్కల మీదా పేరు రాయిస్తారు. పేరు చెప్పుకోని దానం నేను చూడడం అదే మొదలు.

ఒక మాట మాత్రం చెప్పాలి. కొడుకు పోయినప్పటి నుంచి అత్తమ్మ అవసరానికి మించి మాట్లాడేది కాదు. అన్నం తిన్నవా, గ్యాస్ బంద్ చేసినవా, అంతవరకే. పిల్లులు వచ్చాక తిట్టడం మొదలుపెట్టింది. "ఓసి నీ మొకం మండ, ఆ పెరుగు నీ అయ్య తెచ్చిండానే?" అని వంటింట్లోంచి గట్టిగా వినిపిస్తుంటే, నేను ముందర గదిలో పేపర్లు దిద్దడం ఆపి వినేదాన్ని. అంత మంచి తిట్టు ఆ ఇంట్లో విని చాలా కాలమైంది.

సరిగ్గా అప్పుడే ఇంటి ఓనర్ ఇల్లు అమ్మేశాడు. దసరాలోపు ఖాళీ చేయాలి. మా బడ్జెట్‌కు కాశిబుగ్గలో ఒక మేడ మీది పోర్షన్ దొరికింది. ఓనర్ నేత పని చేస్తాడు. మర్యాదస్తుడు. చాయ్ ఇచ్చి మరీ చెప్పాడు.

"మేడమ్, మీరిద్దరు ఎన్నేండ్లయినా ఉండుండ్రి. పిల్లులను మాత్రం తేవద్దు. కింద మగ్గమున్నది. పోగులు పెట్టుకున్నంక ఒక్క పిల్లి దుంకిందనుకోండ్రి, మల్ల మొదటికెళ్లి ఎత్తుకోవాలె."

వాదించడానికి ఏమీ లేదు. ఆరు పిల్లుల్ని నూలున్న ఇంటికి తీసుకుపోవడం నాకే న్యాయంగా అనిపించలేదు.

మా మరిది అప్పటికే ఒక పరిష్కారంతో ఉన్నాడు. అతనికి ప్రతిదానికీ కారు ఎక్కించే పరిష్కారమే తోస్తుంది.

"ఫికర్ చెయ్యకు వదినె. నేను మేడారం దిక్కు పనికి పోతాన. డిక్కీల ఏసుకపోయి అడివిల ఇడిసిపెడ్త. ఖుల్లగ బతుకుతయి."

"నిన్ను ఇడిసిపెడ్తే బతుకుతవార?" అంది అత్తమ్మ. "హోటల్ లేని ఊర్ల ఒక్క పూట ఉండవు. పాలు తాగే పిల్లలు అడివిల బతుకుతయా?"

"మరేం జేద్దామంటవ్ అమ్మా? పెండ్లిళ్లు చేస్తవా?"

అత్తమ్మ లేచి పాల గిన్నె కడగడానికి పోయింది. మరిది మాత్రం తేల్చి చెప్పాడు. సామాను మార్చే రోజు తనే వస్తాడు, అప్పటికి ఎన్ని మిగిలితే అన్నీ డిక్కీలోకి. నాకున్నది ఆ గడువు. ఆలోపు ఆరింటికీ ఇళ్లు చూడాలి.

ముందు వాట్సాప్ స్టేటస్ పెట్టాను. చూసినవాళ్లంతా గుండె బొమ్మలు పంపారు. ఒకామె "సో క్యూట్, మీ ఓపికకు దండం" అంది. దండం పెట్టినవాళ్లెవరూ పిల్లిని అడగలేదు. తర్వాత బజారు మీద పడ్డాను. అక్కడ గింజలున్నాయి, కాబట్టి ఎలుకలున్నాయి, కాబట్టి పిల్లి కావాలి. ఇది నా చదువుకు అందిన లెక్క. పసుపు, మిర్చి అమ్మే షావుకారికి అందని లెక్క.

"ఎలుకలను పడ్తదా అమ్మా?"

"పడ్తది అన్నా."

"పట్టి ఏం జేస్తది?"

"తింటది."

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "మా ఇంట్ల ఉల్లిగడ్డ గూడ ముట్టరు. పట్టి బయట ఇడిసిపెట్టేటట్టు నేర్పరాదు? టీచరమ్మవు గద."

"సిలబస్‌ల లేదన్నా," అని వచ్చేశాను.

కొన్ని ఇళ్లలో గుమ్మం దాకా కూడా మాట రాలేదు. పొద్దున పూట పిల్లి ఎదురైతే ఒక శకునం, నాలాంటిది ఎదురైతే ఇంకో శకునం. ఇద్దరం కలిసి ఎదురైతే ఏమవుతుందో పంచాంగంలో రాయలేదు, కాబట్టి పాపం వాళ్లు కంగారుపడి తలుపేసుకునేవాళ్లు. ఆ ఏడాదంతా నాకు అది కొంచెం అలవాటే. పెళ్లి కార్డులు సకుటుంబంగా రమ్మనేవి. ఆ వెనకే ఫోన్ వచ్చేది: "అక్కా, నువ్వు రిసెప్షన్‌కు రా, ముహూర్తం టైముకు బాగ రష్ ఉంటది." రష్ విషయంలో మా చుట్టాలు అంత శ్రద్ధ తీసుకుంటారని నాకు అంతకుముందు తెలియదు.

మొదట దయ చూపింది తొర్రూరు దగ్గర ఉండే మా అన్న. పత్తి ఏరే కాలం వస్తోంది, ఒక గదినిండా పత్తి పోస్తారు, ఎలుకలకు అది పరుపుల దుకాణం. "రెండు తీస్కరా చెల్లె, ఎక్కువడగకు," అన్నాడు. అట్టపెట్టెలో వచ్చిన జంటను మూత బుట్టలో పెట్టుకుని బస్సెక్కాను.

"బుట్టల ఏందమ్మా, కదుల్తాంది?" అన్నాడు కండక్టర్.

"పిల్లికూనలు అన్నా."

"ఆడయా, మగయా?"

"ఒకటి ఆడ, ఒకటి మగ."

"ఆడదానికి ఫ్రీ, జీరో టికెట్. ఆధార్ కార్డ్ తియ్యి."

"ఫొటో దిగనిస్తలేదన్నా."

బస్సు నవ్వింది. వెనక సీట్లోంచి ఒక పెద్దమనిషి "మగోడు నా లెక్కనే నిలబడి రావాలె," అన్నాడు. తొర్రూరులో దిగేదాకా ఆ బుట్ట నా ఒళ్లో కన్నా పక్కవాళ్ల ఒళ్లలోనే ఎక్కువసేపు ఉంది. అంతమంది నా చుట్టూ చేరి నవ్వడం, అందులో ఒక్కరు కూడా నాకేమైందని అడగకపోవడం, ఆ ప్రయాణం నాకు భలే నచ్చింది.

ఇంక నలుగురు. తల్లి, మూడు పిల్లలు. అప్పుడొచ్చింది బియ్యం దుకాణం అక్క.

మా గోనెసంచుల దుకాణానికి ఎదురుగా వాళ్ల బియ్యం దుకాణం. గల్లాలో ఆమె భర్త కూర్చుంటాడు, దుకాణం ఆమె నడుపుతుంది. సంచులు మా ఆయన దగ్గరే తీసుకునేవాళ్లు. ఆమె సాయంత్రం మా ఇంటికొచ్చి, చెప్పులిడిచి, అత్తమ్మ పక్కన కింద కూర్చుని, మూడు కూనల్నీ వధువును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. నల్ల మచ్చల ఆడకూన ఆమె చీర అంచు పట్టుకుని వదలలేదు.

"గిదే. గిది నన్నే పట్టింది. తీస్కపోత చెల్లె."

నేను సంచి తేబోయాను.

"ఆగు. ఆడపిల్లనా కాదా?"

"ఆడపిల్లనే అక్కా."

"మరి ఉత్త చేతులతోటి పంపుతవా? ఒడిబియ్యం పొయ్యవా?"

మా దిక్కు ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు తల్లిగారు ఆమె కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ పెట్టి సాగనంపుతారు. అదే ఒడిబియ్యం. పోసేది ముత్తయిదువలు. భర్త లేనివాళ్లు ఆ టైముకు లోపలి గదిలో ఏదో పని వెతుక్కుంటారు. ఎవరూ వెళ్లమనరు. పని దానంతటదే దొరుకుతుంది.

నేను నవ్వేసి, "అత్తమ్మా, పక్కింటామెను పిలుద్దామా?" అన్నాను.

"పక్కింటామె పిల్లినా ఇది?" అంది అక్క. "నువ్వు సాదినవ్. నువ్వు పొయ్యాలె."

"నేను పొయ్యొద్దు గదక్కా."

తల్లి పిల్లి చెవి గీరుకుంది. అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా లేచి, వంటింట్లోకి పోయి బియ్యం పళ్లెం, పసుపు డబ్బా తెచ్చి నా ముందర పెట్టింది.

"పొయ్యి బిడ్డా. పిల్లి పంచాంగం సూడది."

కుడుక ఇంట్లో ఒకటే ఉంది, అది కూడా సగం. ఖర్జూరాల బదులు కాలేజీ బ్యాగులో ఉన్న రెండు చాక్లెట్లు పెట్టాను. రవిక గుడ్డ నాదే, ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో పెట్టింది, కుట్టించనిది. అన్నీ సిద్ధమయ్యాక ఒక చిక్కొచ్చింది. పిల్లికి కొంగు లేదు.

"దాని తరఫున నేను పడ్త," అని అక్క తన కొంగు చాపి, కూనను అందులో కూర్చోబెట్టుకుంది.

రెండు చేతుల్లోకి బియ్యం తీసుకున్నాక అప్పుడు తట్టింది, ఇవి పడేది ఎవరి కొంగులోనో. తలెత్తి చూశాను. అక్క నా వైపు చూడడం లేదు. "ఏయ్, కదలకే, మీ అమ్మ పోస్తాంది," అని కూన మెడ సవరిస్తోంది. నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, మెడలో పుస్తెలు, ఆ కొంగులోకి నేను బియ్యం పోశాను. కూన పసుపు వాసనకు తుమ్మింది. కుడుకను ఒకసారి కొట్టి చూసింది. తర్వాత బియ్యాన్ని వెనక కాళ్లతో తవ్వి ఇల్లంతా చల్లింది.

"ఒడిబియ్యంల కొన్ని తల్లిగారింట్ల ఇడిసి పోవాలె గద," అంది అత్తమ్మ సంతోషంగా. "పద్ధతి తెలిసిన పిల్ల."

అక్క అది నవ్వులాటకే చేసిందా, ఇంటి నుంచే అనుకుని వచ్చిందా అని నేను ఈ రోజుకీ అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒక జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆమెను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

ఒడిబియ్యం తీసుకుపోయినవాళ్లు వాటిని వండి నలుగురికీ భోజనం పెట్టాలి. అది కూడా వదల్లేదు అక్క. రెండు రోజులకే ఫోన్ చేసింది: "ఆదివారం పిల్ల ఒడిబియ్యం వండుతాన. మీరిద్దరు రావాలె. పన్నెండింటికే రాండ్రి, ఆలస్యం చెయ్యకుండ్రి." రష్ ఉంటుందని చెప్పలేదు. ఉంది కూడా. బజారు ఆడవాళ్లు చాలామందే వచ్చారు. నాకు కుంకుమ పెట్టాలా వద్దా అని ఒకామె తడబడితే, అక్క ఆమె చేతిలోంచి భరిణె తీసుకుని నాకు ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చింది. మజ్జిగలో జీలకర్ర ఉంది. చాలా బాగుంది.

ఆ భోజనాలతో నా పిల్లులకు గిరాకీ పెరిగింది. "మేము ఉత్తగ తెచ్చుకోలే, మర్యాదతోటి తెచ్చుకున్నం," అని అక్క అందరికీ చెప్పడంతో, అది ఏదో మంచి ఇంటి సంబంధమన్న పేరొచ్చింది. పసుపు, మిర్చి షావుకారి భార్య అక్కడే ఒక మగకూనను అడిగింది. ఎలుకల భోజనం సంగతి గుర్తుచేస్తే, "దుకాణం ఎనుక తినని. మేము సూడం," అంది. ఆయన ఉల్లిగడ్డ ముట్టకపోవడం వెనక కూడా ఇలాంటి ఏర్పాటే ఉందేమో, నాకనవసరం. ఇంకో మగకూనను స్టీలు సామాన్ల దుకాణం వాళ్లు ఇల్లరికం అల్లుడని చెప్పి తీసుకున్నారు. కొత్త టవాల్ కూడా పంపారు, కప్పి తీసుకురమ్మని.

మిగిలింది తల్లి. వయసు మళ్లింది, ఒక చెవి చిరిగింది, బొచ్చు అక్కడక్కడా ఊడింది. స్టేటస్‌లో దాని ఫొటోకు గుండె బొమ్మలు కూడా రాలేదు. సామాను మార్చేది బుధవారం, మరిది అప్పటికే డిక్కీ ఖాళీ చేసుకున్నాడు. భోజనాలు అవుతుండగా, చివరి బంతిలో, నేను ధైర్యం చేసి అక్కను అడిగాను. బిడ్డ దగ్గరే తల్లిని కూడా ఉంచుకోరాదా అని.

చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది.

"అయ్యో చెల్లె, బిడ్డనిచ్చిన ఇంట్ల తల్లి ఉంటదా?" అంది అక్క. "ఒడిబియ్యం పోసి పంపితివి. నలుగురు ఏమంటరు?"

బంతిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వులోనే కాదనడం ఉందని అర్థమైంది. ఉత్త పిల్లులుగా ఇచ్చి ఉంటే రెండింటినీ ఇచ్చేదాన్నేమో. చుట్టరికం కలుపుకుని నేనే దారి మూసుకున్నాను. అయినా ఒక దుకాణానికి ఒక పిల్లి చాలు, ఆమె తప్పేమీ లేదు.

పక్కన అత్తమ్మ తల ఎత్తకుండా అన్నం కలుపుతోంది.

"నేను ఉంటలేనా?" అంది.

"నీ సంగతి వేరు పిన్నీ."

"ఏం వేరు? కొడుకు లేని ఇంట్ల కోడలి దగ్గర ఉంటాన. చిన్నోడు కారు పంపిండు, రమ్మని. నేను పోలే. ఏ వరుసకు ఉంటానవని ఎవ్వలన్న అడిగిండ్రా? మనసు ఎక్కడ పడ్తె అక్కడుంటరు. ఆ పప్పు జర ఇటు జరుపు."

చిన్నోడంటే మా మరిది. కారు పంపిన సంగతి నాకు తెలియదు. నేను కాలేజీలో బోర్డు మీద కప్ప గుండె గీస్తున్నప్పుడెప్పుడో ఆ కారు మా గల్లీలోకి వచ్చి, ఖాళీగా తిరిగి పోయిందన్నమాట. నేను సాయంత్రం వచ్చేసరికి అత్తమ్మ ఎప్పట్లాగే గ్యాస్ బంద్ చేసినవా అని అడిగి ఉంటుంది. నేను చేశానని చెప్పి ఉంటాను.

అక్క పప్పు గిన్నె జరిపింది. అత్తమ్మ విస్తట్లో రెండు గరిటెలు వేసింది, నెయ్యి వేసింది, ఇంకా ఏమైనా వేయడానికి చుట్టూ చూసింది.

"మంగళవారం తీస్కరాండ్రి," అంది చివరికి. "మంగళారం గిరాకి ఉండది. దుకాణం ఎనుక గదిల ఉంటది. కని పిన్నీ, దాని ఒడిబియ్యం నువ్వే పొయ్యాలె. నా కొంగు మల్ల నేనే పడ్త."

అత్తమ్మ చేయి విస్తట్లోనే ఆగింది. ఆమె భర్త మా పెళ్లికి చాలా ఏళ్ల ముందే పోయారు. నా పెళ్లిలో కూడా ఒడిబియ్యం అప్పుడు ఆమె వంటగదిలో ఎవరికో చాయ్ కాచింది. నాకు బాగా గుర్తు, ఆ చాయ్ నాకే వచ్చింది.

"నాకు కొలత యాదికి లేదే," అంది.

"పిల్లి అడగది పిన్నీ," అంది అక్క.

మంగళవారం పొద్దున తల్లి పిల్లిని తీసుకుని పోయాం. అత్తమ్మ పెట్టె అడుగు నుంచి మంచి చీర తీసి కట్టుకుంది. దుకాణం వెనక గదిలో, బియ్యం బస్తాల మధ్య, నిలబడి, తొందరపడకుండా, దోసిలి నిండా పోసింది. కొలత తప్పలేదు. ఆ ముసలి పిల్లి అక్క ఒళ్లో అంతసేపూ కదలకుండా కూర్చుంది, పసుపు గింజలు ఒంటి మీద పడుతున్నా. తర్వాత దిగి, బస్తాలు వాసన చూసుకుంటూ తిరిగింది. అన్నిటికన్నా పైన ఉన్నదాన్ని ఎక్కి పడుకుంది. అది ఇంతవరకు ఒక్క ఎలుకను కూడా పట్టలేదని అక్క చెప్తుంది. ఫిర్యాదు చేసినట్టు చెప్పదు, మా అత్తగారు ఇంట్లో ఏ పనీ ముట్టరని కొందరు గొప్పగా చెప్తారే, అలా చెప్తుంది.

మరుసటి రోజు మరిది కారు వేసుకుని వచ్చాడు. డిక్కీలో పిల్లుల బదులు వంటసామాను, అత్తమ్మ మందులు, నా జువాలజీ పుస్తకాలు పెట్టాం. "అడివికి పొయ్యేటియి ఏవి?" అన్నాడు. "అన్నిటికి లగ్గాలైనయి," అంది అత్తమ్మ.

కాశిబుగ్గలో మేడ మీద సామాను దించేసరికి సాయంత్రమైంది. కింద మగ్గం చప్పుడు వినిపిస్తోంది. పాలు తగ్గించమని పాలాయనకు చెప్పడం మరిచిపోయాం, అంతమంది తాగే పాలు కొత్త అడ్రసుకు కూడా వచ్చాయి. అత్తమ్మ గిన్నె పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత పాలన్నీ స్టవ్ మీద పెట్టి, నీళ్లు కలపకుండా, చాయ్ పెట్టింది.

"ఇంత చిక్కగ ఎవరు తాగుతరు అత్తమ్మా?" అన్నాను.

"మనమే," అంది. "తాగు, సల్లారుతది."

తాగాను. రెండోసారి కూడా పోయించుకున్నాను.